గట్టు దాటిన పడవ

మే 5, ఆదివారం

సోర్సావేసి సరస్సు మీద మంచు నిన్న విడిపోయింది. ఇవాళ మా అక్క వూక్కో వచ్చింది. రెండూ ఒక్కసారే రావాలా?

మంచు గురించే రాద్దామని కూర్చున్నాను. అక్క గురించి రాయడానికి ఈ డైరీ కొనుక్కోలేదు.

మంచు మధ్యాహ్నం గాలికి కదిలి, గలగలమంటూ తూర్పు ఒడ్డుకు పోయింది. మా ఆయన ఓస్మో వల వేసి రెండు చేపలు తెచ్చాడు. అయిపోయింది మంచు.

అక్క కాఫీ బల్ల మీద కంకర కంపెనీ కాగితం పరిచింది. మా గట్టు కావాలట వాళ్ళకి. సోర్సావేసికీ, ముస్తయార్వి సరస్సుకీ మధ్య మెడలాగా నిలబడిన గట్టు అది. పైన పైన్ చెట్లు, కింద అంతా కంకర. నాన్న పోయాక సగం అక్కది, సగం నాది. ఒకరు సంతకం పెడితే చాలదు, ఇద్దరూ పెట్టాలి.

"ఏమే హిల్కా, ఆ గట్టు మీద నీకు కాసేదేంటి? ఎర్రపళ్ళు. అవి దుకాణంలోనూ దొరుకుతాయి" అంది.

"అది తోళ్ళ దారి అక్కా."

"వచ్చింది మళ్ళీ తోళ్ళ దారి! నాన్న కథలు చెప్తే వింటూ కూర్చోవడం తప్ప నువ్వేం చేశావే ఈ ఇంట్లో?"

ఓస్మో లేచి వల చూసి వస్తానని బయటికి పోయాడు. అప్పుడే చూసి వచ్చాడు పాపం.

అక్కకి టౌన్‌లో లిఫ్టున్న ఫ్లాట్ కావాలి. బావ పోయినప్పటి నుంచి చలికాలం కట్టెలు మోయడం తన వల్ల కావడం లేదంది. ఆ ఒక్క మాట మామూలు గొంతుతో చెప్పింది. మిగతావన్నీ నన్ను గిల్లడానికే అంది.

సంతకం పెట్టనన్నాను. పెట్టను. గట్టు తవ్వేశాక ఇక్కడ గొయ్యి మిగులుతుంది, ఆ గోతికి నాన్న పేరు పెట్టుకోవాలా?

మే 8

అక్క సంగతి నాకు అక్కర్లేదు.

మే 12, ఆదివారం, అమ్మల పండగ

అక్కా నేనూ అమ్మ సమాధి దగ్గర కలిశాం. ఇద్దరం అడవిలోంచి తెల్లపూలే తెచ్చాం. నావి ఎక్కువ ఉన్నాయి.

గేటు దగ్గర నేనే నోరు జారాను. నాన్న చెప్పింది నిజమన్నాను. ఉత్తరాది అడవుల్లో చలికాలమంతా ఉడతల్ని మొద్దు బాణాలతో కొట్టేవాళ్ళనీ, తోలుకి చిల్లు పడకూడదు కాబట్టి వాడి బాణం వాడేవాళ్ళు కాదనీ, మంచు విడిపోగానే తోళ్ళ మూటలు పడవల్లో వేసుకుని సరస్సు తర్వాత సరస్సు దాటుతూ తూర్పున కరేలియా వర్తకుల దగ్గరికి పోయేవాళ్ళనీ. దారిలో సోర్సావేసి చివర రాళ్ళ మీద నీళ్ళు ఉరికే చోటు ఉంది. అక్కడ పడవ పగులుతుంది. అందుకని మా గట్టు మీదుగా పడవల్ని ఈడ్చి ముస్తయార్విలో దింపేవాళ్ళు.

అక్క చేతిసంచి తగిలించుకుని నవ్వింది. "ఆ గట్టు మీదుగానా? నువ్వు ఒట్టి చేతుల్తో ఎక్కితేనే నీకు ఆయాసం. తోళ్ళ మూటల్తో పడవ ఎక్కిందా?"

"ఎక్కింది."

"ఎక్కించి చూపించవే మరి."

"చూపిస్తా."

"ట్రాక్టర్ వద్దు, గుర్రం వద్దు. మనుషులే లాగాలి. ఒట్టి పడవ కాదు, తోళ్ళు వేసి లాగాలి. నడివేసవి యూహన్నుస్ పండగ రోజు సాయంత్రానికి అవతల నీళ్ళలో ఉండాలి. ఉంటే ఈ కాగితం చించేస్తా. లేకపోతే నువ్వు నోరు మూసుకుని సంతకం పెడతావ్."

చెయ్యి చాపింది. నేనూ చాపాను. మా పక్క పందెం కడితే కలిసిన చేతుల్ని మూడో మనిషి నరికినట్టు విడదీయాలి, అప్పుడే అది పందెం. చుట్టూ చూస్తే ఓస్మో ఒక్కడే ఉన్నాడు. కారు తాళం తిప్పుకుంటూ ఆకాశం కేసి చూస్తున్నాడు.

"మరిదీ, విడగొట్టు" అంది అక్క.

"వదినా, సమాధుల దగ్గర…"

"విడగొట్టవయ్యా!"

విడగొట్టాడు. ఇంటికొచ్చాక "మన దగ్గర తోళ్ళేవీ?" అని అడిగాడు. పాతికేళ్ళ కాపురంలో ఎన్నోసార్లు ఇలాగే నాకు అవసరమైన ప్రశ్న ఒక్కటే అడిగాడు.

మే 14

తైస్తో ఒప్పుకున్నాడు! తైస్తో అంటే ఓస్మో పెదనాన్న కొడుకు. మా ఊరి చర్చి పడవకి వాడే పెద్ద. ఒకప్పుడు ఆదివారం ఊరంతా ఆ పడవలోనే కూర్చుని తెడ్లు వేసుకుంటూ చర్చికి పోయేవాళ్ళు. ఇప్పుడు మేము వేసవి పందేలకి వాడుతున్నాం. పొడుగాటి పడవ, తారు పూసి నల్లగా ఉంటుంది.

"వదినా, ఓడిపోతే వూక్కో వదిన మనల్ని చచ్చేదాకా వదలదు" అన్నాడు.

"గెలిస్తే నేను ఆవిణ్ణి వదలను" అన్నాను.

దానికే ఒప్పుకున్నాడు.

మే 19, ఆదివారం

బంగాళాదుంపలు వేశాం. మళ్ళీ మేకులు. ప్రతి వసంతంలో ఇదే గొడవ. తుప్పుపట్టి, వంకరపోయి, ఒక చివర చదరపు రేకు ముక్కతో ఉంటాయి. ముత్తాత కొలిమి ఇక్కడే ఉండేదని నాన్న అనేవాడు. ఓస్మో కలుపు తీసే గొర్రు పన్ను ఒకటి విరిగింది. మేకుల్ని కాఫీ డబ్బాలో పడేశాను. డబ్బా దాదాపు నిండింది.

నడుం నొప్పి లేదు.

మే 27

ఊరంతటికీ తెలిసిపోయింది. దుకాణంలో ఐలా నా బుట్టలో రొట్టె పెడుతూ, "పందెం కట్టావటగా" అంది. "కట్టాను" అన్నాను. "మీ అక్క నిన్న ఇక్కడికొచ్చి కొత్త పెన్ను కొనుక్కుంది. నీ సంతకానికేనట" అంది.

ఇంటికొచ్చి ఒక గంట కట్టెలు కొట్టాను.

జూన్ 1, శనివారం

మొదటి ప్రయత్నం. పండగకి ముందే ఒకసారి చూసుకుందామనుకున్నాం. ఎవరికీ చెప్పలేదు. సగం ఊరు వచ్చింది.

అక్క మడతకుర్చీ తెచ్చుకుంది. థర్మాస్ తెచ్చుకుంది. దాలిచినచెక్క రొట్టెలు తెచ్చుకుని అందరికీ పంచింది, మా వాళ్ళక్కూడా. చెప్పకూడదు గానీ రొట్టెలు బాగున్నాయి.

పడవని మా సౌనా, అంటే ఆవిరిస్నానాల గది, పక్కన ఒడ్డుకి తెచ్చాం. అక్కణ్ణుంచి నేరుగా గట్టు మీదికి దారి అనుకున్నాం. సామిల్లులో పడున్న ఎండు దుంగల్ని తైస్తో తెచ్చాడు. వాటిని కింద వేసి, వాటి మీద దొర్లించాలని. నేను ముందు నిలబడి నాన్న కేక వేశాను. వల లాగేటప్పుడు నాన్న వేసే కేక అది. "హీ… ఓప్!" ఓప్ అనగానే అందరూ గుంజారు.

దుంగలు దొర్లలేదు. ఇసకలోకి దిగబడ్డాయి. పడవ ముక్కు ఒక పక్కకి తిరిగింది. తాడు జర్రున జారి తైస్తో వెల్లకిలా పడ్డాడు, వాడి మీద పోస్టు బండి నడిపే పెంట్టి పడ్డాడు. మళ్ళీ "హీ… ఓప్!" అన్నాను. మళ్ళీ గుంజారు. నేను కేక వేసినప్పుడల్లా అక్క మొహం పుల్లటిది కొరికినట్టు పెట్టింది. ఏదో అనబోయి, మానేసి, కాఫీ తాగింది.

గట్టు మొదట్లోనే ఆగిపోయాం. అక్కడ ఎత్తు గోడలాగే ఉంది. మధ్యాహ్నానికి అందరూ దోమల్ని కొట్టుకోవడం తప్ప ఏమీ చెయ్యలేదు.

అక్క కుర్చీ మడుచుకుంది. "ఉడతలు బతికిపోయాయి" అంది.

అందరూ నవ్వారు. ఓస్మో కూడా నవ్వాడు. తర్వాత నా మొహం చూసి, దగ్గు వచ్చినట్టు నటించాడు.

జూన్ 2

భుజం నొప్పి లేదు.

జూన్ 4

అక్క ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఎత్తాను.

"భుజానికి వెచ్చటి కాపడం పెట్టావా?"

"నొప్పి లేదు."

"నీకు ఎడమ భుజం చిన్నప్పట్నుంచీ అంతే. నొప్పి నూనె ఏదైనా రాయి" అని పెట్టేసింది.

సంతకం చేసే చెయ్యి బాగుందో లేదో కనుక్కుంటోంది. అంతే. ఇంకేం లేదు.

జూన్ 7

ఒకవేళ అక్క చెప్పిందే నిజమైతే? నాన్నకి కథలంటే ఇష్టం. చేపలు పడని రోజున కూడా చేపల కథ చెప్పేవాడు. ఆ గట్టు మీదుగా ఏ పిచ్చివాడు పడవ లాగుతాడు?

ఈ పేజీ చించెయ్యాలి.

జూన్ 12, బుధవారం

చించలేదు. మంచిదే అయింది.

ఇవాళ్టిది మెల్లగా రాస్తాను. ఒక్కటీ వదలకుండా.

బంగాళాదుంపలకి మట్టి ఎగదోస్తున్నాను. కింది సాళ్ళలో ఎప్పట్లాగే నల్లటి బురదమట్టి, అందులో నీటి ఆల్చిప్పల ముక్కలు. పై సాళ్ళలోకి వచ్చాక మేకు తగిలింది. తిట్టుకున్నాను. ఇంకో మేకు తగిలింది. డబ్బా తేవడానికి లేచాను. లేచినదాన్ని అలాగే నిలబడిపోయాను.

కింద ఎప్పుడూ చిప్పలే. పైన ఎప్పుడూ మేకులే. పెళ్ళికి ముందు నుంచి ఈ పొలంలో వంగుని పని చేస్తున్నాను. ఒక్కసారి కూడా కింది సాళ్ళలో మేకు దొరకలేదు, పై సాళ్ళలో చిప్ప దొరకలేదు.

చిప్పలు పొలంలోకి ఎలా వచ్చాయి? ఒకప్పుడు అది పొలం కాదు కాబట్టి. ముత్తాత కాలంలో ఊరివాళ్ళు కాలువ తవ్వి సరస్సు నీటి మట్టాన్ని కిందికి దించారు. పశువులకి గడ్డినేల కావాలని. ఆ సంగతి మా ఇంట్లో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. కాలువ పక్కన రాయి మీద ముత్తాత పేరు కూడా ఉంది, ప్రతి వేసవిలో దాని నాచు గీకుతాను! ఈ పచ్చికంతా నీళ్ళలోంచి లాక్కున్నామని గొప్పలు చెప్పుకున్నాం. లాక్కోకముందు ఒడ్డు ఎక్కడుండేదో ఒక్కళ్ళమూ ఆలోచించలేదు.

నా కాళ్ళ కింద ఉండేది. మేకులు దొరికే చోట. ముత్తాత కొలిమీ లేదు, గిలిమీ లేదు. ఆ చదరపు రేకు ముక్క పడవ పలకలు బిగించే మేకులకే ఉంటుంది. ఒడ్డుకి లాగిన పడవల్ని బాగుచేసుకునేవాళ్ళు, పాత మేకులు పీకి పారేసేవాళ్ళు.

తోళ్ళవాళ్ళ రేవు నా బంగాళాదుంపల్లో ఉంది!

మేము పడవని సౌనా దగ్గర్నుంచి లాగాం. ఆ రోజుల్లో సౌనా ఉన్నచోట చేపలు ఈదుతుండేవి.

ఓస్మోని కేకేశాను. తను పరిగెత్తుకొచ్చాడు, నాకేదో అయిందనుకుని. పై సాళ్ళ చివర నిలబడి గట్టు వైపు చూశాం. అక్కణ్ణుంచి చూస్తే స్ప్రూస్ చెట్ల వెనక గట్టు నడుం వంచినట్టు ఉంది. చెట్లలోకి దూరి వెళ్ళాం. లోపల ఒక పల్లం ఉంది, మెత్తగా నాచు పట్టి, రెండు వైపులా గట్టు లేచి, మధ్యలో దారిలాగా. పైకి పోతుంది, కానీ మెల్లగా పోతుంది. సరస్సు మీంచి చూసినా, సౌనా దగ్గర్నుంచి చూసినా అది కనపడదు.

ఇదే. ఇదే ఇదే ఇదే.

జూన్ 13

మేకు ఒకటి తీసుకుని ఓస్మో సౌనా మెట్ల మీద కూర్చుని తిప్పి తిప్పి చూశాడు. "మ్యూజియంకి ఫోన్ చెయ్యి. పురాతనమైనదని తేలితే చట్టమే గట్టుని కాపాడుతుంది. పందెం కూడా అక్కర్లేదు" అన్నాడు.

నిజమే. ఒక్క ఫోన్‌తో అయిపోతుంది.

"చేస్తాను. పండగ తర్వాత" అన్నాను.

"ఎందుకు?"

"చట్టం కంపెనీ నోరు మూయిస్తుంది. అక్క నోరు మూయించదు."

ఓస్మో చాలాసేపు మేకు తిప్పాడు. "మీ ఇద్దరికీ నాన్న ఒక్కడేనా అని నాకు అనుమానం వచ్చేది. ఇప్పుడు రావట్లేదు" అన్నాడు.

పొగిడాడో తిట్టాడో తెలీలేదు. పొగిడాడనే రాసుకుంటున్నాను.

జూన్ 15, శనివారం

ఎండు దుంగలు పనికిరావు. ఇది చెట్లలో రసం పారే కాలం. పచ్చి స్ప్రూస్ కొట్టి బెరడు లాగితే చొక్కా విప్పినట్టు ఊడొస్తుంది, లోపలి చెక్క సబ్బులాగా జారుతుంది. సౌనాలో ఒంటికి కొట్టుకోవడానికి ఈ కాలంలోనే బర్చ్ కొమ్మలు కోసే మేమే, బుట్టలకి బెరడు తీసే మేమే, సామిల్లు దుంగలు తెచ్చుకున్నాం. దుంగల్ని దొర్లించకూడదు కూడా. అడ్డంగా పాతి కదలకుండా పెట్టాలి, పడవ వాటి మీద జారాలి. తోళ్ళవాళ్ళు కూడా ఈ కాలంలోనే కదా వచ్చేది.

తైస్తో జట్టంతా కలిసి చెట్లు కొట్టారు. నేను బెరడు తీశాను. మోచేతుల దాకా జిగురు.

ఇక తోళ్ళు. ఊళ్ళో ఆడవాళ్ళంతా అటకల మీంచి పాత బొచ్చుకోట్లు దింపి తెచ్చారు. ఈ రోజుల్లో వేసుకుని బయటికెళ్తే తిడతారు, పారెయ్యడానికి మనసు రాదు. నక్కవి, మింక్‌వి, ఐలా వాళ్ళమ్మ పెళ్ళికోటు. అన్నిటినీ బంగాళాదుంపల గోతాల్లో కుక్కాం. కలరా ఉండల వాసనకి పెంట్టి నిజంగానే ఏడ్చాడు.

జూన్ 18

పాత రేవు సంగతి అక్కకి తెలీదు. తైస్తో జట్టుకి నోరు కుట్టేసుకోమని చెప్పాను. ఐలాకి చెప్పలేదు, అంటే ఎవరికీ చెప్పనట్టే.

జూన్ 21

రేపే. భుజం నొప్పిగా ఉంది. చాలా నొప్పిగా ఉంది. వెచ్చటి కాపడం పెట్టాను.

జూన్ 22, శనివారం, యూహన్నుస్

గెలిచాం.

ముందు అది రాసెయ్యాలి. ఇప్పుడు వరసగా రాస్తాను.

పొద్దున్న ఆకాశం ఒక్క మబ్బు లేకుండా ఉంది. అక్క సౌనా దగ్గర కుర్చీ వేసుకుంది. మేము పడవని సౌనా దాటించి, పచ్చిక మీదుగా బంగాళాదుంపల పై సాళ్ళ దాకా తీసుకెళ్తుంటే లేచి నిలబడింది.

"ఎక్కడికే? గట్టు ఇటుంది!"

"రేవు అటుంది అక్కా."

కుర్చీ ఎత్తుకుని మా వెనకాలే వచ్చింది. పల్లం మొదట్లో పరిచిన తెల్లటి దుంగల్ని చూసింది. చిప్పల మాట, మేకుల మాట చెప్పాను. నోరు తెరిచింది, మూసింది. మా అక్క నోరు తెరిచి ఊరికే మూయడం నేను చూడటం ఇదే మొదలు.

కానీ వెంటనే తేరుకుంది. చేతిసంచిలోంచి ఒక మూట తీసి పడవలో విసిరింది. అమ్మ ఉడతచర్మం కోటు. అమ్మ పోయినప్పుడు దాని కోసం ఎంత పోట్లాడుకున్నామో, ఆ కోటు. "తోళ్ళ దారి అన్నావుగా. బరువు ఇంకొంచెం పెరగనీ" అంది.

మొదలుపెట్టాం. పడవ జారింది! తడి దుంగల మీద పైపైకి పోతుంటే జనం గోలగోలగా అరిచారు. తైస్తో "వదినా, ఇది ఇంటికెళ్ళే గుర్రంలా పోతోంది" అన్నాడు. పల్లంలో సగం దాకా అలాగే పోయింది.

అక్కడ ఆగింది. గట్టు నడినెత్తి దగ్గర ఎత్తు ఇంకొంచెం పెరుగుతుంది. నేను "హీ… ఓప్!" అన్నాను. గుంజాం. పడవ ఒక జాన కదిలి, రెండు జానలు వెనక్కి జారింది. మళ్ళీ గుంజాం. మళ్ళీ జారింది. చేతులు కోసుకుపోయాయి. పెంట్టి మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఎండ నెత్తికెక్కింది. తైస్తో నా వైపు చూశాడు, ఇక చాలు అనే చూపు. నాకు ఏడుపొచ్చింది. ఇంత దూరం వచ్చాక, మేకులు దొరికాక, దారి దొరికాక, ఇక్కడా ఆగిపోవాలి?

మళ్ళీ కేక వేశాను. గొంతు కీచుమంది.

"అబ్బబ్బబ్బా! ఆపవే!"

అక్క. కుర్చీ కింద పడిపోయింది.

"ఇక నా వల్ల కాదు. మొన్నట్నుంచీ వింటున్నా. అలాగేనా లాగేది? కేక మీద లాగుతావేంటే?"

"నాన్న ఇలాగే…"

"నాన్న నీకు కథలు చెప్పాడు. వల నాతో లాగించాడు. చలిలో, చేతులు పగిలి నెత్తురొచ్చేదాకా. నువ్వు ఒడ్డున కూర్చుని వినేదానివి కాబట్టి నీకు కేకే వినపడింది. కేక అయ్యాక ఒక్క ఊపిరి ఆగాలి! ఆ ఊపిరిలో తాడు బిగుస్తుంది, అందరి కాళ్ళు నిలదొక్కుకుంటాయి. అప్పుడు లాగాలి. నిశ్శబ్దంలో."

అక్క స్వెటర్ చేతులు పైకి లాక్కుంది. నన్ను భుజంతో నెట్టి, ఎడమ భుజం కాదు, కుడి భుజం చూసి నెట్టి, తాడు మొదట తను నిలబడింది.

"వదినా, నువ్వు తాడు పడితే…" అన్నాడు ఓస్మో.

"తెలుసయ్యా మరిదీ. నోరు మూసుకుని పట్టుకో."

"హీ… ఓప్."

నాలాగా అరవలేదు. మామూలుగా అంది, నాన్న అన్నట్టే. అన్నాక ఒక్క ఊపిరి నిశ్శబ్దం. తాడు మా చేతుల్లో బిగిసింది. లాగాం.

పడవ వచ్చింది.

"హీ… ఓప్." నిశ్శబ్దం. వచ్చింది. "హీ… ఓప్." వచ్చింది. ఇన్నాళ్ళూ నేను గొంతు చించుకున్న కేకకి, పక్కన ఇంత నిశ్శబ్దం ఉండేదని నాకు తెలీదు. నా ముందు అక్క వీపు. స్వెటర్ చెమటతో తడిసిపోయింది. అరవైరెండేళ్ళ మనిషి, కట్టెలు మోయలేనన్న మనిషి, మాలో అందరికంటే ముందు నిలబడి లాగింది.

నడినెత్తి దాటింది. ముక్కు కిందికి వాలింది. ఇక లాగడం కాదు, పట్టి ఆపడమే కష్టమైంది. పైన్ చెట్ల మధ్య నుంచి ముస్తయార్వి కనపడింది, నల్లగా, మెరుస్తూ. పడవ ఆఖరి దుంగ మీంచి జారి నీళ్ళలో పడి, తుళ్ళి, నిలబడింది.

అంత గోల నేనెప్పుడూ వినలేదు. తైస్తో అందర్నీ కౌగిలించుకున్నాడు. ఐలా గోతాలు విప్పి బొచ్చుకోట్లు గాల్లోకి విసిరింది. ఓస్మో టోపీ నీళ్ళలో పారేసి, తర్వాత దానికోసం దిగాడు. నేను అరిచాను, ఏడ్చాను, మళ్ళీ అరిచాను. నాన్నా, దాటింది! గట్టు దాటింది!

అక్క తాడు వదిలి అరచేతులు చూసుకుంటోంది.

"అక్కా, పందెం ఓడిపోయావ్" అన్నాను.

"నువ్వు ఓడించలేదే, నేనే ఓడించుకున్నా. నీ వల్ల అయ్యేదా?"

జేబులోంచి కాగితం తీసింది. చించి ముక్కలు మళ్ళీ జేబులోనే పెట్టుకుంది, అడవిలో చెత్త వెయ్యకూడదని. పడవెక్కి నేరుగా చుక్కాని దగ్గరికెళ్ళి, అక్కడ కూర్చోబోతున్న తైస్తోని చూపుతోనే లేపింది. గోతం మీంచి అమ్మ కోటు తీసి దులిపింది. ఆ ఎండలో, ఆ చెమటతో, దాన్ని తొడుక్కుని గుండీలు పెట్టుకుంది.

"ఏం చూస్తున్నారు? తెడ్లు తియ్యండి. కరేలియా వర్తకులు కాచుక్కూర్చున్నారు."

ముస్తయార్వి చుట్టూ ఒక చుట్టు వేశాం. నేను అక్కకి ఎదురుగా కూర్చుని తెడ్డు వేశాను. అక్క గొంతెత్తి పాడింది. శ్రుతి లేదు, ఎప్పుడూ లేదు. ఎవరూ ఆ మాట అనలేదు.

జూన్ 23, ఆదివారం

పొద్దున్నే మ్యూజియం నంబరుకి ఫోన్ చేశాను. పండగ సెలవు, ఎవరూ ఎత్తలేదు. రేపు మళ్ళీ చేస్తాను. డబ్బా కడిగి, మేకులన్నిటినీ కాగితం మీద ఆరబెట్టాను.

కాఫీ వేళకి అక్క వచ్చింది. రెండు అరచేతులకీ గుడ్డలు చుట్టుకుంది. నావీ అలాగే ఉన్నాయి. కప్పులు పట్టుకోవడం ఇద్దరి వల్లా కాలేదు. ఓస్మో పాలగిన్నెల్లాంటి పెద్ద గిన్నెల్లో పోసిచ్చాడు.

"ఫ్లాట్ సంగతి?" అని అడిగాను. అడగకుండా ఉండలేకపోయాను.

"లిఫ్టు పాడైతే ఏం చేస్తానే అందులో?" అంది. తర్వాత కిటికీలోంచి చూస్తూ, "ఆ స్ప్రూస్ దుంగలు ఎండాక నావి. మీ మగవాళ్ళు కొట్టి, మా కొట్టంలో పేర్చాలి. నేను మోయను."

"మోస్తాం" అన్నాడు ఓస్మో. అంత గబుక్కున తను మాట్లాడటం ఎప్పుడూ వినలేదు.

అప్పుడే తైస్తో వచ్చాడు. పడవ అవతల ముస్తయార్విలోనే ఉందిగా, వచ్చే నెల పందేలకి ఇటు కావాలి. ఉరవడికి ఎదురు తేలేం. ట్రైలర్ మీద రోడ్డున తెచ్చేస్తానన్నాడు.

అక్క గిన్నె కింద పెట్టింది.

"ట్రైలరా? సిగ్గు లేదురా తైస్తో? పక్కనే దారి పెట్టుకుని!"

అక్క నా వైపు చూసింది. చూసి, గుడ్డ చుట్టిన చెయ్యి నా గిన్నె మీదుగా చాపి, నా వాటా రొట్టె తీసుకుంది.

"వచ్చే ఆదివారం. పొద్దున్నే. కేక నేను వేస్తా" అంది.